మా చార్టర్డ్ బస్సు ఆగిపోయిన ఏడాది

తొంభైల మధ్యలో మేము ఢిల్లీ ఆర్.కె. పురంలో, ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నేను ఒక మంత్రిత్వ శాఖలో స్టెనోగ్రాఫర్‌ని. ఆఫీసు సెంట్రల్ సెక్రటేరియట్ దగ్గర. మా ఆయనది వేరే శాఖ. ఆయన పనిచేసే క్యాష్ సెక్షన్ మా సెక్టారు చివరి బ్లాకులోనే ఉండేది కాబట్టి సైకిలు మీద వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవారు. మా అమ్మాయికి నాలుగేళ్ళు. నా ఆఫీసు ఆవరణలో ఉద్యోగుల పిల్లల కోసం క్రెష్ ఉండేది. పిల్లని చంకనేసుకుని, టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని, రోజూ పొద్దున్న చార్టర్డ్ బస్సు ఎక్కేదాన్ని.

చార్టర్డ్ బస్సంటే ఇప్పటివాళ్ళకి చెప్పాలి. ఒక ప్రైవేటు యజమాని బస్సు. మా కాలనీ నుంచి సెక్రటేరియట్ దాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నెలకింత అని కట్టే మనుషులే ఎక్కుతారు. ఎవరి సీటు వాళ్ళది. వెనక సీట్లలో మగవాళ్ళు పేకాడేవాళ్ళు. చలికాలంలో ఆడవాళ్ళు బఠాణీలు ఒలుస్తూనో, స్వెట్టర్లు అల్లుతూనో కూర్చునేవాళ్ళు. ఎవరి పుట్టినరోజైనా సరే బస్సంతా సమోసాలు. మా అమ్మాయి మొదటిసారి హిందీలో పాట పాడింది ఆ బస్సులోనే, డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూర్చుని.

నా పక్క సీటు, నేను అక్కా అని పిలిచే ఆవిడది. కరీంనగర్ వైపు మనిషి, మా పక్క బ్లాకులోనే ఇల్లు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. మా ఆయన పనిచేసే శాఖలోనే, కాకపోతే ఊళ్ళోని పెద్ద భవనంలో ఉద్యోగం. హైస్కూలుకి వెళ్ళే ఇద్దరు కొడుకులు. నేను కాకినాడ నుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో, చలికి రెండు చీరలు ఒకదానిమీద ఒకటి కట్టుకుని స్టాపులో వణుకుతుంటే, తన శాలువా తీసి నా భుజాల మీద కప్పి, "ఏ ఊరు చెల్లె మనది?" అని అడిగిన మనిషి. ఆ రోజు నుంచి ఆరేళ్ళు ఆమె పక్కనే కూర్చున్నాను. ఆఫీసు గొడవలు, అత్తవారి మాటలు, కడుపులో పిల్ల మొదటిసారి కదలడం, అన్నీ ఆమెకే చెప్పుకున్నాను. చెప్పనిది ఏదీ లేదు.

మా అమ్మాయికి మూడో ఏట ఆయాసం మొదలైంది. దీపావళి దాటిందంటే ఛాతీలో పిల్లికూతలు. డాక్టరు స్కూటరు మీద తిప్పొద్దన్నాడు, ట్రాఫిక్‌లో నిలబెట్టొద్దన్నాడు. ఢిల్లీలో ట్రాఫిక్ లేని చోటు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. సాయంత్రం ఇంటికొచ్చి దాని ముక్కు తుడిస్తే రుమాలు మీద నల్లటి చార వచ్చేది. నాకూ అంతే.

అదే రోజుల్లో మా సెక్షనుకి బండ్ల పొగ గురించిన ఫైళ్ళు రావడం మొదలైంది. మా ఆఫీసరు చెబుతుంటే నేను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైపు చేసేదాన్ని. మొదట్లో వేళ్ళు రాసేవి, బుర్ర వేరే చోట ఉండేది. పిల్లకి ఆయాసం వచ్చాక ప్రతి మాటా చెవిలో పడసాగింది. బస్సు ఎంత నల్లగా పొగ వదిలినా, దాన్ని అందులో కూర్చున్నవాళ్ళందరికీ పంచితే, కారులో ఒక్కడే కూర్చుని వెళ్ళే మనిషి వాటా కంటే ఒక్కొక్కరి వాటా చాలా తక్కువ. స్కూటరు చూడ్డానికి చిన్నదే కాని నూనె కలిపిన పెట్రోలు సగం కాలకుండానే బయటికి తోసేస్తుంది. రైలుకి ఇంకా తక్కువ. సైకిలు ఏమీ వదలదు, అందరూ వదిలింది పీలుస్తుంది. ఈ చివరి మాట టైపు చేసిన సాయంత్రం, మా ఆయన సైకిలు దిగి తుమ్ముతుంటే చాలాసేపు ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.

ఫైలులో విన్నదంతా మర్నాడు బస్సులో అక్కకి చెప్పేదాన్ని. అక్క దాన్ని నాకంటే బాగా చెప్పేది. ఆమె గొంతు పెద్దది, హిందీ ధారాళం. వెనక్కి తిరిగి, పేకాడేవాళ్ళని ఉద్దేశించి, "మనమంతా రేపు తలా ఒక కారు తీస్తే ఈ రోడ్డు మీద పట్టేది ఎంతమంది? ఆ పొగంతా ఎవరు మింగాలి? ఈ పిల్లా?" అని మా అమ్మాయిని ఎత్తి చూపించేది. అందరూ నవ్వేవాళ్ళు, కాని వినేవాళ్ళు. నేను టైపు చేసిన ముక్కలు ఆమె నోట అలా వెలుగుతుంటే నాకు గర్వంగా ఉండేది.

ఆ సంవత్సరమే మా ఆయన కారు అడ్వాన్సుకి, అంటే కారు కొనడానికి ఆఫీసు ఇచ్చే అప్పుకి, దరఖాస్తు పెడతానన్నారు. వాళ్ళ శాఖలో ఏటా కొంతమందికే ఇచ్చేవారు. ఆ ఏడు వంతు ఎవరిదో చెప్పే జాబితాలో ఆయన పేరు వచ్చింది.

"పిల్లకి ఆయాసం కదే. అద్దాలు ఎత్తుకుని వెళ్ళొచ్చు. నేనే దింపుతాను మిమ్మల్నిద్దర్నీ," అన్నారు.

నేను ఒప్పుకోలేదు. "మనమూ అదే పని చేస్తే ఎలాగండీ? అందరికీ బస్సని చెప్పి మనం కారెక్కుతామా?"

"ఎవరికి చెప్పావు నువ్వు? ఎవరు అడిగారు నిన్ను?"

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆయనే, "సరే, మానేస్తున్నానని రాసిచ్చేశాను. ఇంక ఆ ఊసెత్తకు," అన్నారు. ఆ సంగతి బస్సులో అక్కకి చెబితే నా చేయి పట్టుకుని, "మంచి పని చేసినవ్ చెల్లె," అంది. ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు.

మా బస్సు పాతది. దాని వెనక వచ్చేవాళ్ళకి దారి కనబడేది కాదు. మోతీబాగ్ దగ్గర సిగ్నల్లో ఆగితే ఆ పొగ మా కిటికీల్లోంచే లోపలికి తిరిగొచ్చేది. బస్సు మార్చమని యజమానిని అడిగితే, మీలో సగం మంది రేపు మానేస్తే కొత్త బస్సు నేనేం చేసుకోను, ఏడాది పాటు మానమని అందరూ రాసివ్వండి, అప్పుడు మారుస్తాను అన్నాడు. న్యాయమే అనిపించింది. ఉత్తరం నేను టైపు చేశాను. ఒక్కో సీటు దగ్గరికీ వెళ్ళి సంతకాలు పెట్టించింది మాత్రం అక్కే. ఎల్.డి.సి. గుమాస్తా కుర్రాళ్ళని బుజ్జగించింది. రిటైరవబోతున్న ఒక బెంగాలీ అంకుల్ చేత కూడా పెట్టించింది. అందరికంటే పైన ఆమె సంతకం, దాని కింద నాది.

నెల తిరక్కుండానే కొత్త బస్సు వచ్చింది. సీట్లకి ఇంకా ప్లాస్టిక్ కవర్లున్నాయి. డ్రైవరు, హర్యానా మనిషి, అద్దానికి బంతిపూల దండ కట్టి లడ్డూలు పంచాడు. అంత సంతోషంగా ఉన్న ఉదయం ఢిల్లీలో నాకు మరొకటి గుర్తులేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి అక్క పది రోజులు బస్సుకి రాలేదు. ఇంటికి వెళితే, "పానం బాగుంటలేదు చెల్లె. సెలవు పెట్టిన," అంది. జ్వరమేమీ కనిపించలేదు. మనిషి ఉత్సాహంగానే ఉంది. సాయంత్రాలు ఎక్కడికో వెళుతోందని మెట్ల మీద ఎవరో అన్నారు. నేను మిరియాల చారు కాచి రెండుసార్లు పట్టుకెళ్ళాను. రెండోసారి ఇంట్లో లేదు. పెద్దబ్బాయి తలుపు తీసి, గిన్నె అందుకుని, నా మొహం చూడకుండా "మమ్మీ బాహర్ గయీ హై" అన్నాడు.

నవంబరు చివర్లో ఒక సోమవారం. పొగా మంచూ కలిసి ఎదుటి బ్లాకు కనిపించడం లేదు. స్టాపులో నేనూ, పిల్లా, ఇంకో పదిమందీ నిలబడి ఉన్నాం. పిల్ల మొహానికి మఫ్లరు చుట్టాను. ఒక తెల్లటి చిన్న కారు, దీపాలు వేసుకుని మెల్లగా మలుపు తిరిగి మా ముందునించి వెళ్ళింది. స్టీరింగు దగ్గర అక్క. పక్కన ఒకరు, వెనక ఇద్దరు. ముగ్గురూ మా బస్సువాళ్ళే. ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళే. అద్దాలు పూర్తిగా ఎత్తి ఉన్నాయి. అక్క తిన్నగా రోడ్డు వైపే చూస్తోంది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు అలాగే చూస్తారని తరవాత నాకు నేను చెప్పుకున్నాను. కాని వెనక కూర్చున్నవాళ్ళలో ఒకావిడ నన్ను చూసి, చూడనట్టు ఒళ్ళోని సంచీ సర్దుకుంది.

మా అమ్మాయి గెంతింది. "మమ్మీ, ఆంటీ కీ గాడీ!" కారు వెళ్ళిపోయాక నా కొంగు పట్టుకు లాగి అడిగింది, "ఆంటీ హమే నహీఁ లేంగీ?" మనల్ని ఎక్కించుకోదా అని.

దాని మఫ్లరు ఇంకో చుట్టు చుట్టాను. బస్సు వచ్చింది, ఎక్కాం. పక్క సీటు ఖాళీ. డ్రైవరు అద్దంలోంచి ఆ సీటు వంక చూసి బస్సు కదిలించాడు.

ఆ సాయంత్రం మా ఆయన సైకిలుకి తాళం వేస్తుండగానే చెప్పాను, అక్క కారు కొందని. ఆయన ఆశ్చర్యపోలేదు. అదే నన్ను మొదట కొట్టింది.

"మీకు తెలుసా?"

"ఆ ఫైలు నా చేతిమీదుగానే కదా వెళ్ళింది," అన్నారు.

"ఎప్పుడు?"

తాళం చెవి జేబులో వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకున్నారు. "నేను వద్దని రాసిచ్చాను కదా. జాబితాలో నా తరవాతి పేరు ఆవిడదే. ఆ వారమే దరఖాస్తు పెట్టారు."

"ఏ వారం?"

"అదే. మీరు సంతకాలు పెట్టించిన వారం."

"నాకు చెప్పలేదేం?"

"ఆవిడ చెప్పొద్దన్నారు. తనే చెప్పుకుంటానన్నారు. ఆఫీసు విషయం, నేనెలా చెప్పను? అయినా కారు వద్దన్నది నువ్వే కదా. వద్దన్నది ఇంకొకళ్ళకి పోదా మరి?"

ఆ మాటలో కోపం లేదు. చిన్న తృప్తి ఉంది. భార్య మాట విని వెనక్కి తగ్గిన మనిషికి, ఆ భార్యే దెబ్బ తింటే కలిగే తృప్తి. రెండు నెలలు ఆ సంగతి కడుపులో పెట్టుకుని నా ఎదురుగా అన్నం తిన్నారు. అక్కకి నేను చారు కాస్తుంటే మిరియాల డబ్బా అందించారు. అక్క మీద కోపం ఆ రాత్రికి కొంచెం వెనక్కి వెళ్ళింది. ఈయన మీద కోపం మాత్రం చాలా ఏళ్ళు పోలేదు.

ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. డాబా మీద మెంతికూర ఆరబెడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్దామనే అనుకున్న."

"మా ఆయన మానుకున్నారని నేను చెబితే నా చెయ్యి పట్టుకున్నారే. మంచి పని చేశావన్నారే. అప్పటికే మీ మనసులో ఉందా?"

అక్క చేతిలోని మెంతికూర కట్ట కింద పెట్టింది. తరవాత మెల్లగా అంది, "నువ్వు చెప్పిన ముచ్చట్లు విన్నంకనే నాకు బుగులు పట్టింది చెల్లె. ఆ పొగల ఏమేముంటదో, పోరగాండ్ల ఊపిరితిత్తులు ఎట్ల ఖరాబైతయో దినాం చెప్తివి. నేను బస్సుల నవ్వుకుంట మాట్లాడిన గానీ ఇంటికొచ్చినంక నిద్ర పట్టకపోతుండె. చిన్నోడు దగ్గితే పానం గిలగిల కొట్టుకునేది. పొద్దుగాల్ల పోరగాండ్లను బడికాడ దించి ఆఫీసుకు పోవచ్చు, అద్దాలు ఎత్తుకుంటే పొగ లోపలికి రాదు గదా అనుకున్న. గంతే."

"ఆ పొగ మరి ఎవరు పీలుస్తారు?"

"నాకెరుకే," అంది. "నాది సీసం లేని పెట్రోలు బండి. అయినా నాకెరుకే."

"ఆ వారమే సంతకాలు ఎందుకు పెట్టించారు మరి?"

"బస్సు నిలవాలని నాకు నిజంగనే ఉండె. అందరు బస్సుల పోవాలె అని ఉండె. నా పిల్లలు మాత్రం పొగల ఉండొద్దు అని గూడ ఉండె. రెండు నిజమే చెల్లె."

అబద్ధం చెప్పి ఉంటే నాకు తేలికయ్యేది. నేను మా పిల్ల ఊపిరి పక్కన పెట్టి ఒక మాట నిలబెట్టుకున్నాను. ఆ మాట నాకంటే గట్టిగా చెప్పిన మనిషి తన పిల్లల్ని తీసుకుని పక్కకి తప్పుకుంది. పైగా దారి చూపించింది నేనే. మెట్లు దిగి వచ్చేశాను. వెనక నుంచి ఆమె పిలవలేదు.

అక్కే మానేశాక ఇక ఎవరికి భయం? ఒక్కొక్కళ్ళే తప్పుకున్నారు. ఒకాయన స్కూటరు కొన్నాడు. పేకాట జట్టులో నలుగురు కలిసి ఒక పాత కారు మాట్లాడుకున్నారు. జనవరిలో ఒక ఉదయం డ్రైవరు బస్సు కదిలించే ముందు తలలు లెక్కపెట్టుకున్నాడు. "మేడమ్‌జీ, సిర్ఫ్ బీస్ సవారీ," ఇరవై మందే మిగిలారని అన్నాడు నాతో, నేనేదో చేయగలిగినట్టు. యజమాని ఆ ఉత్తరం తెచ్చి చూపించాడు. సంతకాలు చూపించి, "యే సబ్ ఝూఠ్ థా?" ఇదంతా అబద్ధమేనా అని అడిగాడు. పైన అక్క పేరు, కింద నాది. దాని మీద సంతకం పెట్టి మాట తప్పనివాళ్ళం అక్కడ ఉన్న మేమే. సమాధానం చెప్పుకోవలసింది మాత్రం మేమే. నెలాఖరుకి బస్సు వేరే రూటుకి వెళ్ళిపోయింది.

తరవాత మూడు వారాలు ఊళ్ళో అందరూ ఎక్కే లైను బస్సు. ఆ బస్సుల్లో నిలబడ్డవాళ్ళకి తెలుసు. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో పిల్ల. అద్దాలు లేని కిటికీలు. పక్కన ఆటోల పొగ, ముందు లారీ పొగ, మా బస్సు పొగ. నాలుగో వారం పిల్లకి ఆయాసం వచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి తెచ్చిన మర్నాడు అక్క వచ్చింది. గడప దాటకుండా నిలబడి, "వెనక సీటు ఒకటి ఖాళీ అయింది. రేపటి సంది నువ్వూ బిడ్డా రాండ్రి. నా మీది కోపం బిడ్డ మీద తీయకు," అంది.

వద్దనాలని నోటిదాకా వచ్చింది. పిల్ల మంచం మీంచి చూస్తోంది. వెళ్ళాను.

మార్చి దాటేదాకా రోజూ అక్క కారులోనే వెళ్ళాను. పిల్ల ఊపిరి కొంచెం నెమ్మదించింది. ఆ సంగతి చెప్పకుండా దాచడం సరికాదు. లోపల వెచ్చగా ఉండేది, బయటి మాట ఏదీ వినిపించేది కాదు. మోతీబాగ్ సిగ్నల్ దగ్గర ఒకరోజు మా పక్కన లైను బస్సు ఆగింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మా కారులోకి చూసింది. ఆవిడ ఎవరో నాకు తెలియదు. ఆమె కళ్ళలో ద్వేషం ఏమీ లేదు, అలసట. నేను కిందికి చూశాను. ఒళ్ళోని సంచీ సర్దుకున్నాను. ఏం చేస్తున్నానో అప్పుడు తెలిసి చేతులు ఆపుకున్నాను. అక్క అద్దంలోంచి నన్ను చూసింది. ఆమెకీ అర్థమైందనుకుంటాను. సిగ్నల్ పడగానే కారు ముందుకి పోనిచ్చింది.

ఏప్రిల్‌లో పిల్లని మా సెక్టారులోని బడిలో వేశాను. నడిచి వెళ్ళేంత దూరం. అప్పటి నుంచి నేను ఒక్కదాన్నే మళ్ళీ లైను బస్సు ఎక్కాను. అదేదో గొప్పతనం అని చెప్పుకోను. ఆ కారులో కూర్చోవడం నావల్ల కాలేదు, అంతే. రెండేళ్ళ తరవాత మా ఆయన పేరు మళ్ళీ జాబితాలో వచ్చింది. ఈసారి ఆయన నన్ను అడగలేదు. నేనూ వద్దనలేదు.

అక్కకి హైదరాబాదు బదిలీ అయింది. వెళ్ళే ముందు రోజు వచ్చింది. టీ పెట్టాను. మా అమ్మాయి చదువు గురించి, తన పెద్దవాడి ఇంజనీరింగు గురించి మాట్లాడుకున్నాం. లేవబోతుంటే అడిగాను. ఇన్నాళ్ళూ అడగకుండా ఉంచుకున్నది.

"ఒక్క మాట ముందు నాతో చెప్పి ఉంటే ఏం పోయేదక్కా? స్టాపులో అందరితో పాటు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "చెప్తే నువ్వు వద్దంటుంటివి," అంది. "నువ్వు వద్దంటే నేను ఆగుతుంటి. అందుకే చెప్పలే."

ఆ మాట నా మీద ప్రేమో, నా మీద మోపిన తప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. గుమ్మం దాకా వెళ్ళాను. ఆమె నా తల నిమిరింది, నేను నిమరనిచ్చాను. మర్నాడు సామాను లారీ వచ్చినప్పుడు వంటింట్లో ఉన్న నాకు ఆ శబ్దం వినిపిస్తూనే ఉంది. మిగతావాళ్ళంతా కిందికి దిగి వీడ్కోలు చెప్పారు. నేను దిగలేదు.